జతపరచుము: హుస్సేనీ ఆలంలో ఆరు రోజులు

చార్మినార్ ఎక్కావా అని మా ఊళ్ళో అడగనివాడు లేడు. ఎక్కలేదు. ఆరు రోజులు దాని చుట్టుపక్కలే తిరిగాను, రోజూ దాని కింది నుంచే నడిచాను, కానీ తలెత్తి చూసే మనసు మొదటి రెండు రోజులే ఉంది. కోటలూ మ్యూజియాల కోసం ఇది చదవడం మొదలుపెట్టినవారు ఇక్కడే ఆగిపోవచ్చు. నేనేమీ అనుకోను.

రేపల్లె దగ్గర ఒక హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. పాఠం చెప్పడం సంగతి ఎలా ఉన్నా, ప్రశ్నలు కూర్చడంలో నాకు కాస్త పేరుంది. ఖాళీలు పూరింపుము, జతపరచుము వంటివి నా చేతిలో పడితే పిల్లవాడికి తప్పించుకునే దారి ఉండదని తోటి మాస్టర్లు అంటారు. ఆ పేరు పుణ్యమా అని ఏడో తరగతి ఉపవాచకానికి ఒక పాఠం రాసే పని నా మెడకు చుట్టుకుంది. పాఠం పేరు 'ఇతర దేశాల మతాలు'. తమది కాని మతాన్ని పిల్లలు చిన్నచూపు చూడకూడదన్నది దాని ఉద్దేశం.

అందులో యూదు మతానికి ఒక పేజీ. మా ఊరి పిల్లలకు యూదుల గురించి తెలిసింది ఒక్కటే, వాళ్ళు ఏసును సిలువ వేశారని. ఆ ఒక్క ముక్కతో ఒక జాతి జాతినంతా చదివేసినట్టు పెరుగుతున్నారే అని నాకు బాధగా ఉండేది. అందుకే ఆ పేజీ శ్రద్ధగా రాశాను. మోషే గురించి, పది ఆజ్ఞల గురించి, శనివారపు విశ్రాంతి గురించి, దేశదేశాల్లో వాళ్ళు పడిన కష్టాల గురించి గౌరవంగానే రాశాను. రాసిన నేను అప్పటికి ఒక్క యూదుణ్ణీ కళ్ళతో చూడలేదు. చూడాలని తోచనూ లేదు.

అచ్చుకు ముందు పాఠాన్ని ఏదైనా ఒక బడిలో చెప్పి, పరీక్ష పెట్టి చూడాలని నియమం. నాకు పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో ఒక తెలుగు మీడియం బడి వచ్చింది. వానాకాలం, అక్కడ గొడవలు, ఇప్పుడెందుకని మా ఆవిడ మొత్తుకుంది. విన్నానా!

బుధవారం, అఫ్జల్‌గంజ్

రైలు దిగేసరికి కుండపోత. పాఠం సైక్లోస్టైల్ ప్రతులు పెట్టిన సంచి రిక్షాలో నా ఒళ్ళోనే ఉన్నా సగం తడిసింది. మూసీకి ఇవతల ఒక లాడ్జిలో దిగి, గదికి అడ్డంగా తాడు కట్టి, కాగితాలన్నీ ఆరేశాను. గది నిండా ఇతర దేశాల మతాలు వేలాడుతుంటే వాటి కింద తల వంచుకుని తిరిగాను.

సాయంత్రం వాన తగ్గాక వంతెన దాటి వెళ్ళి చూశాను. గాజుల దుకాణాలు సగం మూసే ఉన్నాయి. తెరిచినవాటిలో కూడా కొనేవాళ్ళు లేరు. రిక్షా అతను చెప్పాడు: "నిన్ననే తెరిచిన్రు సాబ్. అయిదు దినాలు కర్ఫ్యూ ఉండె. గల్లీల పాలు గూడ దొరకలే."

ఇరానీ హోటల్లో టీ నలభై పైసలు. చిక్కగా, మీగడ తరకతో బాగుంటుంది. మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే ఊరి సంగతులన్నీ చెవిన పడతాయి. ఇక్కడ పాతిక మంది కూర్చున్నా సాసర్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. బిస్కెట్టు ముంచుకు తింటూ, ఎవరి మొహంలోకి చూడాలో తెలియక గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. దిగులు వేసింది.

గురువారం, బడి

బడి ఒక పాత హవేలీలో ఉంది. ఏడో తరగతి గదికి కిటికీ ఒకటే. నలభై ఒక్క మంది పిల్లలు. పాలవాళ్ళ పిల్లలు, రోజుకూలీల పిల్లలు, వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు. హిందువులు, క్రైస్తవులు, కొద్దిమంది ముస్లిములు కలిసి బెంచీకి అయిదుగురు చొప్పున ఇరుక్కుని కూర్చున్నారు. క్లాసు టీచరు సులోచనమ్మగారు గట్టి మనిషి. "సారూ, మా పిల్లలు మంచోళ్ళే గని జర చెవులు మెలిపెట్టాలె" అని నవ్వకుండానే చెప్పింది.

పాఠం చెప్పాను. బాగానే విన్నారు. చివర నా పరీక్ష. అందులో నాకు బాగా ఇష్టమైన ప్రశ్న జతపరచుము. ఎడమవైపు జైన మతం, షింటో మతం, కన్ఫ్యూషియస్ మతం, జొరాస్టర్ (పార్సీ) మతం, యూదు మతం. కుడివైపు దేశాలు తారుమారుగా ఉంటాయి. జైనానికి భారతదేశం, షింటోకు జపాను, అలా ఒక్కోదానికి ఒక్కోటి. గీత గీసి కలపాలి. 'ఆ మతంవారు నివసించు దేశము' అని పైన శీర్షిక.

మధ్యాహ్నం ఆఫీసు గదిలో కూర్చుని దిద్దాను. ఇరవై మూడో నంబరు కాగితం చూసి నవ్వొచ్చింది. మరియం అట పేరు. జైన మతం నుంచీ భారతదేశానికే గీత, యూదు మతం నుంచీ భారతదేశానికే గీత. ఇజ్రాయెల్ ఒంటరిగా మిగిలిపోయి ఉంది. మిగతావన్నీ ఒప్పే, రాత ముత్యాల్లా ఉంది. ఒక్కో దేశానికి ఒక్కటే గీత అన్న ఇంగితం కూడా లేకపోయిందే అనుకుని, ఆ గీత మీద ఇంటూ కొట్టి, పక్కన 'అజాగ్రత్త' అని రాశాను. చివరి గంటలో సులోచనమ్మగారు కాగితాలు పంచి, తప్పుపోయినవాళ్ళంతా సరైన జవాబు పదేసిసార్లు రాసుకు రమ్మని చెప్పింది. అది మా బళ్ళలోనూ ఉన్నదే కనుక నాకేమీ అనిపించలేదు.

శుక్రవారం, రెండంతస్తుల ఇల్లు

బడి వదిలే వేళకు గేటు దగ్గర ఒక ముసలాయన నా కోసం నిలబడి ఉన్నాడు. తెల్ల పైజామా, నల్ల టోపీ, చేతిలో పిల్లల నోటుబుక్కు. బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడట. పేరు డేవిడ్.

"మరియం మా మనుమరాలు సారూ. దాని జవాబు తప్పెట్లయిందో జర సమజ్ చేసి పోండ్రి. లొల్లి పెట్టుకునెటందుకు రాలే. తెల్వక అడుగుతున్న."

"ఒక దేశానికి రెండు గీతలు గీసిందండీ. యూదులు ఉండేది ఇజ్రాయెల్లో కదా" అన్నాను.

"మరి నేనెక్కడున్న సారూ?" అన్నాడాయన.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదంటారు. నేను పడ్డది సరిగ్గా అక్కడే. ఆయనే జాలిపడి "ఇంటికి రాండ్రి, చాయ్ తాగుదురు. దీపాలు పెట్టకముందే రావాలె" అని దారి తీశాడు.

ఇల్లు ఇరుకు సందులో ఉంది. కింద పాలు అమ్మే మల్లమ్మ కుటుంబం, పైన వీళ్ళిద్దరూ. పిల్ల తల్లిదండ్రులు దాని చిన్నతనంలోనే పోయారు. మెట్ల దగ్గర ఖాసిం భాయ్ అనే దర్జీ "సలామ్ దావూద్ చాచా" అన్నాడు. మల్లమ్మ "బాపూ, సుట్టమా?" అని అడిగింది. ఆ సందుకంతటికీ ఆయన ఎవరో తెలుసు. మొన్నటి కర్ఫ్యూలో ఖాసిం భాయే గోడ మీదుగా గోధుమపిండి అందించాడట.

పైన చాయ్ తాగుతూ డేవిడ్ చెప్పాడు: "మా పెద్దలది కొంకణం దిక్కు. గానుగలు ఆడించి నూనె తీస్తుండిరి. శనివారం గానుగ ఆపేటోళ్ళని ఊర్లె పేరు. ఎన్ని వందల ఏండ్ల కింద వచ్చిన్రో మాకే తెల్వది. నేను పదహారేండ్లకు పనికోసం ఈడికొచ్చిన. పెండ్లి ఈడనే, పిల్లలు ఈడనే. పెండ్లాన్ని ఈ మట్టిలనే పెట్టిన." నవ్వాడు. "పార్సీలకు ఇరాన్ అని గూడ రాసిన్రట గద! ఆబిడ్స్‌ల పార్సీలుంటరు, పోయి చెప్పుండ్రి, కొట్టకుంటే నన్నడుగుండ్రి."

నవ్వబోయాను, కానీ ఆయన నోటుబుక్కు విప్పి నా ముందు పెట్టాడు. 'యూదులు ఇజ్రాయెల్ దేశములో నివసింతురు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో పదిసార్లు ఉంది. ఎక్కడా కొట్టివేత లేదు. మరియం గుమ్మం దగ్గర నిలబడి నా మొహం చూస్తోంది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలతో మా బడిలో ఏ పిల్లలాగైనా ఉంది.

"నిన్న గిది రాసినంక అడిగింది" అన్నాడాయన, గొంతు తగ్గించి. "తాతా, మనం ఆడుండాల్సినోళ్ళమా? మరి ఈడెందుకున్నం? అని. పన్నెండేండ్ల పిల్ల, గిప్పటిదాక గా ప్రశ్నే దానికి లేకుండె. ఆడ లడాయి అయితే ఈడ నాదిక్కు గుర్రుమని చూసెటోళ్ళు ఉంటరు, లేరని అనను. గని గీ ఇల్లు మనది గాదని ఎవ్వరన్లే. మొదలు అన్నది బడి."

అల్మారా మీద ఒక పొడుగాటి కవరు ఉంది. ఆయన కూతురొకామె పదకొండేళ్ళుగా ఇజ్రాయెల్లోనే ఉంటోందట. రమ్మని రాస్తూనే ఉంటుంది. ఈసారి అక్కడికి వలస వెళ్ళేందుకు ఫారం కూడా పంపింది, ఈ నెలలోగా నింపి పంపాలి. "ఎన్నడూ దాని దిక్కు చూడలే. ఇప్పుడు పిల్ల అడిగితే నా తాన జవాబు లేకపాయె. నేను చెప్తే తాత చెప్పిండంటది. సారు చెప్తే నమ్ముతది. పుస్తకం మార్పిస్తరా?"

మారుస్తానన్నాను. ఆ మాటను నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచించకుండానే అనేశాను. పొద్దుగుంకబోతుంటే పిల్ల గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, పైన నూనె పోసి, రెండు వత్తులు వెలిగించి కళ్ళు మూసుకుంది. మా ఇంట్లో కూడా సంధ్యాదీపం పెట్టేది ఆడపిల్లలే. అది కూడా నా పాఠంలో లేదు.

శనివారం, మళ్ళీ బడి

ఒక పూట బడి. సులోచనమ్మగారిని బతిమాలి మొదటి పీరియడు తీసుకున్నాను. క్లాసులో ఎప్పుడు చెప్పినా పిల్లను మాత్రం వేలెత్తి చూపొద్దని, నలుగురిలో నిలబెట్టి మాట్లాడించొద్దని డేవిడ్ మరీమరీ చెప్పాడు. ఆ మాట పాటించాను.

నల్లబల్ల మీద నా జతపరచుము మళ్ళీ రాసి, "ఈ ప్రశ్న తప్పు. రాసినవాణ్ణి నేనే. యూదులు మన దేశంలోనూ ఉన్నారు. వందల ఏళ్ళుగా ఉన్నారు" అని చెప్పాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు తప్పు ఒప్పుకోవడం వాళ్ళకు కొత్త.

మల్లమ్మ కూతురు యాదమ్మ చెయ్యెత్తింది. "మాకెరికే సార్. మరియమోళ్ళు గదా? శనివారం వాళ్ళు నిప్పు ముట్టుకోరు. మా అమ్మనే పోయి పొయ్యి అంటిస్తది."

"మా ఇంట్ల మాంసం వండిన్నాడు వాళ్ళకు చాయ్‌ల పాలు పొయ్యరు, అవి రెండు కలిపి తినరంట" అని ఖాసిం భాయ్ చెల్లెలి కూతురు అందుకుంది. ఇంకొకతను, చర్చికి వెళ్ళే పిల్లవాడు, "డేవిడ్ తాత మాకు దావీదు రాజు కథ చెప్పిండు సార్. మా పాస్టరుకన్న మస్తు చెప్తడు" అన్నాడు.

పావుగంటసేపు పిల్లలే పాఠం చెప్పారు. నా పేజీలో లేనివన్నీ వాళ్ళ దగ్గర ఉన్నాయి. పుస్తకం లేనప్పుడు వీళ్ళందరికీ తెలిసే ఉంది. పుస్తకం వచ్చి తెలియకుండా చేయబోయింది. ఆనందంతో నాకు కళ్ళు చెమర్చాయి. పిల్ల మొహం చూద్దామని మూడో బెంచీ వైపు తిరిగాను.

ఆ చోటు ఖాళీగా ఉంది. హాజరు పట్టీ తీసి చూస్తే ఆ అమ్మాయి పేరుకు ఎదురుగా ప్రతి శనివారమూ గైర్హాజరు. పక్కన సులోచనమ్మగారి రాత: కడుపునొప్పి, జ్వరం, కడుపునొప్పి. యూదులు శనివారం విశ్రాంతి తీసుకుంటారని నా పాఠంలో మూడో వాక్యం. నిన్న సాయంత్రం దీపాలు కూడా చూసి వచ్చాను. అయినా తప్పు దిద్దుకోవడానికి వారం మొత్తంలో ఆ రోజునే ఎంచుకున్నాను. నలభై మందికి నిజం చెప్పి, చెప్పవలసిన ఆ ఒక్క పిల్లకే చెప్పలేకపోయాను. నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందో ఇక్కడ రాయలేను.

ఆదివారం, కార్వాన్

డేవిడ్ నన్ను కార్వాన్ తీసుకువెళ్ళాడు. ఆయనతో కలిసి పనిచేసిన మరో ఫిట్టరు సాయన్న అక్కడ ఉంటాడు. ఒకప్పుడు వజ్రాల బేరాలు జరిగిన పేట అంటారు గానీ, నాకు కనిపించింది బురద, గేదెలు, సగం కూలిన కమానులు. దారిలో నా కుడికాలి చెప్పు తెగింది. కుట్టించడానికి పావలా తీసుకున్నారు, మా ఊళ్ళో కంటే తక్కువే.

సాయన్న భార్య జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పచ్చిపులుసులో ఇంత కారం ఉండదు. రెండు చెంబుల నీళ్ళు తాగాను.

ఫారం సంగతి విని సాయన్న కంచం పక్కకు జరిపాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా డేవిడ్? ఎవ్వడో పుస్తకంల రాస్తే నువ్వు ఊరిడుస్తవా?"

"పుస్తకం కోసం కాదురా. నేను ఇంకెన్నేండ్లుంట? నేను పోయినంక పిల్లకు నువ్వు ఈడిదానివే అని చెప్పెటోళ్ళెవరు? బడి చెప్తదనుకున్న. సోమారం సారు పుస్తకాల ఆఫీసుకు పోతుండు. ఆడ మారుస్తమంటే కవరు చింపేస్త. ఒట్టు."

ఇద్దరూ నావైపు చూశారు. నేను రొట్టె తుంచుతూ తల దించుకున్నాను.

సోమవారం, ఆఫీసు నుంచి సందుకు

పాఠాలు చూసే అధికారి మర్యాదస్తుడే. కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పూర్తిగా విన్నాడు, పాపం అన్నాడు కూడా. తర్వాత నా ప్రశ్ననే నా ముందు పెట్టాడు.

"మాస్టారూ, మీరు పాతకాపు. మీకు చెప్పాలా? జతపరచుములో ఎడమపక్క ఒకదానికి కుడిపక్క ఒకటే ఉండాలి. యూదులకు భారతదేశం అని కూడా ఒప్పు అంటే జైనులకు ఏం పెడతారు? అనేక దేశాలు అంటే పార్సీలకూ అదే సరిపోతుంది. ప్రశ్నే చెడిపోతుంది."

"ప్రశ్న తీసేద్దామండీ."

"పేజీలు కంపోజు అయిపోయాయి. ఆ పేజీలో ఎనిమిది లైన్లు ఖాళీ పోతే ఏం నింపుతాను? రెండో ముద్రణలో చూద్దాం. రాసి ఇచ్చి వెళ్ళండి."

రాసి ఇచ్చాను. ఆయన దాన్ని ఒక దస్త్రంలో పెట్టి తాడు కట్టాడు. ఆ దస్త్రం ఎంత లావుందో చూశాక రెండో ముద్రణ మీద నాకు ఆశ మిగల్లేదు. నేను రాసిన ప్రశ్న నాకంటే గట్టిది. తప్పించుకునే దారి లేకుండా కూర్చుతానని పేరు తెచ్చుకున్నవాణ్ణి కదా.

సాయంత్రం రైలు. అంతకుముందు చెప్పి వెళ్ళాలి కనుక సందుకు వెళ్ళాను. నా ప్రయాణానికని పిల్ల ఒక పళ్ళెం సిద్ధం చేసింది. తడిపిన అటుకులు, కొబ్బరికోరు, చక్కెర, అరటిపండు ముక్కలు. ప్రయాణం పోయేవాళ్ళకు అలా పెట్టి దీవించడం వాళ్ళ ఆచారమట. మా ఇళ్ళలో కృష్ణాష్టమికి చేసే అటుకుల రుచే. డేవిడ్ కళ్ళు మూసుకుని నాకు అర్థంకాని భాషలో ఏదో చదివి, మొదటి పిడికెడు నా చేతిలో పెట్టాడు.

ఆఫీసులో జరిగింది దాచకుండా చెప్పాను. తలుపు పక్కన నిలబడ్డ మరియంతో, "అమ్మా, నీ జవాబు తప్పు కాదు. నేనే తప్పు. శనివారం క్లాసులో అందరికీ చెప్పాను" అన్నాను.

"యాదమ్మ చెప్పింది సార్" అంది. ఆ మొహంలో మొదటిసారి కొంచెం వెలుగు కనిపించింది. దగ్గరికి వచ్చి అడిగింది: "మరి పెద్ద పరీక్షల ఏం రాయాలె సార్?"

నేను ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది. నీ జవాబే రాయి, మార్కు పోతే పోనీ అని ఉండవచ్చు. పోనీ తెలియదమ్మా అన్నా సరిపోయేది. కానీ ఇరవై ఆరేళ్ళుగా వేలమంది పిల్లలు ఇదే ప్రశ్న అడిగారు, వేలసార్లు ఒకే జవాబు చెప్పాను. నోరు దానంతట అదే కదిలింది.

"పుస్తకంలో ఉన్నదే రాయమ్మా. మార్కు పోగొట్టుకోకు."

"సరే సార్" అంది పిల్ల. మంచి విద్యార్థిని. మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

అన్న మాట వెనక్కి తీసుకుందామని నోరు తెరిచేలోగా డేవిడ్ లేచి అల్మారా మీది కవరు తీశాడు. కోపం లేదు, విసురు లేదు. దుమ్ము దులిపి, కాగితాలు మడత విప్పి, నా ముందు పెట్టాడు.

"ఇంగ్లీషు నాకు మంచిగ రాదు సారూ. రైలుకు టైముంటే జర నింపి పోండ్రి."

కాదనడానికి నాకు మొహం లేదు. పేర్లు రాశాను, వయసులు రాశాను. మూడో గడిలో ప్రస్తుతం నివసిస్తున్న దేశం అని ఉంది. ఇండియా అని రాశాను. డేవిడ్ అది ఒకసారి చదివి, సరిగ్గానే ఉంది సారూ, తర్వాతిది రాయండ్రి అన్నాడు.